పిల్లలు లేని ఆల్చిప్పలు: మూసీ ఒడ్డున గుర్తుంచుకోవలసిన చరిత్ర

హైదరాబాదు నగరంలో మూసీ నదికి ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌ను ఆనుకొని ఉన్న బేగంబజార్ రెండు వ్యాపారాలకు పేరుపొందినది. ఒకటి రాగి, ఇత్తడి, స్టీలు పాత్రల వ్యాపారం. రెండవది చేపల మార్కెట్టు. రెండవ అసఫ్ జా నిజాం అలీ ఖాన్ సతీమణి హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో వెలసిన బజారు కనుక దీనికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. మృగశిర కార్తె ప్రవేశించిన రోజున ఇక్కడి చేపల మార్కెట్టులో కాలు పెట్టే చోటు దొరకదు. కొర్రమీను, బొచ్చె, రవ్వలతో పాటు కోస్తా జిల్లాల నుండి వచ్చిన రొయ్యలు, పీతలు కూడా అక్కడ రాశులుగా కనిపిస్తాయి.

లోహాల బజారు, జలచరాల బజారు పక్కపక్కనే ఉండడం కాకతాళీయమే. కానీ లోహానికి, జలచరానికి మధ్య ఉన్న సంబంధం కాకతాళీయం కాదు. గడచిన శతాబ్దంలో నీటిలో చేరిన లోహాలు మనిషిని తాకకముందే గుల్ల, చిప్ప, పెంకు కలిగిన జీవులను తాకాయి. అది కూడా వాటిని చంపడంతో మొదలు కాలేదు, వాటి సంతానాన్ని ఆపడంతో మొదలయింది. పెద్దవి బతికే ఉంటాయి, పిల్లలు మాత్రం పుట్టవు. చూసేవారికి నీరు బాగానే ఉన్నట్లు తోస్తుంది. ఈ వ్యాసంలో చెప్పదలచినది ఆ మౌనమైన మొదటి లక్షణాన్ని గురించి. మన మూసీని బాగుచేస్తామని అనుకుంటున్న ఈ రోజుల్లో ఆ చరిత్ర మనకు చాలా అవసరం.

ఆల్చిప్ప అనే జల్లెడ

ఆల్చిప్ప మనకు కొత్తది కాదు. మన పల్లెల్లో ఆల్చిప్పను అరగదీసి, దానికి రంధ్రం చేసి, మామిడికాయ చెక్కు తీసేవారు. చంటిపిల్లలకు మందు రంగరించి ఆల్చిప్పతో పట్టేవారు. మన చెరువుల్లో, వాగుల్లో దొరికే ఈ మంచినీటి ఆల్చిప్ప శాస్త్రీయ నామం లామెల్లిడెన్స్ మార్జినాలిస్. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర శాఖలో దీని శరీర ధర్మాలపై ఎంతో పరిశోధన జరిగింది.

ఆల్చిప్ప వేటాడదు. నీటిని లోపలికి పీల్చుకొని, మొప్పలతో వడగట్టి, అందులోని సూక్ష్మమైన ఆహారాన్ని ఉంచుకొని, మిగిలిన నీటిని విడిచిపెడుతుంది. సముద్రంలో పెరిగే ఆయిస్టర్ జాతి ఆల్చిప్ప గంటకు కొన్ని లీటర్ల నీటిని ఇలా వడగడుతుంది. రాత్రింబవళ్లు ఆగని ఈ వడపోతలో ఆహారంతో పాటు సీసం, కాడ్మియం, పాదరసం, రాగి వంటి లోహాలు కూడా లోపలికి చేరతాయి. ఆహారం అరిగిపోతుంది, లోహం అరగదు. అందుచేత చుట్టూ ఉన్న నీటిలో కంటే ఆల్చిప్ప మాంసంలో లోహం ఎన్నో రెట్లు ఎక్కువగా పేరుకొంటుంది. ఆ జీవి శరీరంలో లోహాన్ని పట్టి బంధించే మెటల్లోథయోనిన్ అనే మాంసకృత్తు ఉంటుంది. దాని సాయంతో పెద్ద ఆల్చిప్ప చాలాకాలం తట్టుకొంటుంది.

కానీ గుడ్డుకు, వీర్యకణానికి, అప్పుడే పొదిగిన పిల్లకు ఆ రక్షణ అంతగా ఉండదు. సముద్రపు ఆల్చిప్పలు గుడ్లను, వీర్యాన్ని నేరుగా నీటిలోకే వదులుతాయి. ఫలదీకరణం కూడా ఆ నీటిలోనే జరగాలి. పాదరసం, రాగి వీర్యకణాల కదలికను తగ్గిస్తాయి. పిండానికి సుమారు 48 గంటలలో ఏర్పడవలసిన తొలి చిప్ప వంకరగా ఏర్పడుతుంది, లేదా అసలే ఏర్పడదు. మంచినీటి ఆల్చిప్ప పద్ధతి మరొక రకం. తల్లి తన మొప్పలలోనే పిల్లలను పొదిగి విడుస్తుంది. గ్లోకిడియం అనబడే ఆ పిల్లలు చేపల మొప్పలకో రెక్కలకో అతుక్కొని కొంతకాలం గడిపి, తరువాత అడుగు మట్టిలోకి దిగి పెరుగుతాయి. అంటే తల్లి ఉన్నా చేప లేకపోతే పిల్ల బతకదు, చేప ఉన్నా అడుగు మట్టి చెడితే పిల్ల పెరగదు. రాగిని, అమ్మోనియాను ఏమాత్రం ఓర్వలేని జలజీవుల వరుసలో ఈ గ్లోకిడియం ముందు ఉంటుంది.

ఒక్క అంకె చూడండి. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో 0.05 మిల్లీగ్రాముల రాగి, అంటే 50 మైక్రోగ్రాములు, ఆమోదయోగ్యం. ప్రయోగశాలలో సముద్రపు ఆల్చిప్ప పిండాలలో సగాన్ని చెడగొట్టడానికి లీటరుకు 10 మైక్రోగ్రాముల లోపు రాగి చాలు. మనం నిశ్చింతగా తాగగల నీటిలో ఆల్చిప్పకు సంతానం కలగకపోవచ్చునన్నమాట. అందువలన ఆ జీవిని మనకంటే ముందుగా జబ్బుపడే పొరుగింటివానిగా భావించాలి.

తగరం నేర్పిన పాఠం

పాత్రల బజారులో కళాయి తెలియనివారు ఉండరు. రాగి, ఇత్తడి పాత్రల లోపలి వైపు తగరం పూస్తే పులుసు కిలుం పట్టదు. శుద్ధమైన తగరం మనిషికి పెద్దగా హాని చేయదు. అయితే అదే తగరాన్ని కర్బన గొలుసులతో కలిపి ట్రైబ్యూటైల్ టిన్ అనే సమ్మేళనంగా మార్చినపుడు అది ఘోరమైన విషమవుతుంది. 1960ల నుండి ఓడల, పడవల అడుగుభాగానికి నాచు, గవ్వపురుగులు అంటకుండా ఈ సమ్మేళనం కలిపిన రంగులు వేయసాగారు.

1970లో ఇంగ్లండు దక్షిణ తీరంలోని ప్లిమత్ వద్ద బ్లేబర్ అనే శాస్త్రవేత్త ఒక చిన్న సముద్రపు నత్తలో వింత మార్పును గమనించారు. ఆడ నత్తలకు మగ అవయవం వంటిది మొలుస్తున్నది. మరుసటి సంవత్సరం అమెరికాలో స్మిత్ అనే శాస్త్రవేత్త మరొక జాతి నత్తలో ఇదే స్థితిని వర్ణించి, దానికి ఇంపోసెక్స్ అని పేరు పెట్టారు. 1981లో ఆయనే దీనికి కారణం పడవల రంగులోని తగరపు సమ్మేళనమని చూపారు. తరువాత ప్లిమత్‌లోని సముద్ర జీవశాస్త్ర సంఘానికి చెందిన గిబ్స్, బ్రయాన్‌లు దీని పర్యవసానాన్ని వివరించారు. కొత్తగా పెరిగిన కణజాలం ఆడ నత్త గుడ్లు వెలువడే దారిని మూసివేస్తుంది. గుడ్లు లోపలే నిలిచిపోయి చివరకు తల్లి మరణిస్తుంది. లీటరు నీటికి ఒక నానోగ్రాము, అంటే గ్రాములో వంద కోట్లవ వంతు, ఈ మార్పును ఆరంభించడానికి సరిపోతుంది.

ఫ్రాన్సులోని ఆర్కషాన్ అఖాతంలో జరిగినది ఇంకా స్పష్టమైన కథ. అది ఆల్చిప్పల పెంపకానికి ప్రసిద్ధమైన చోటు, వినోద పడవలకు కూడా అంతే ప్రసిద్ధం. 1977 నుండి 1981 వరకు వరుసగా అక్కడ పిల్ల ఆల్చిప్పలు దాదాపు దొరకలేదు. ఉన్న పెద్దవాటి చిప్పలు మందమెక్కి, పొరల మధ్య జిగురు నిండి, అమ్మడానికి పనికిరాకుండా పోయాయి. పెంపకందారుల కుటుంబాలు వీధిన పడ్డాయి. చివరకు 1982 జనవరిలో ఫ్రెంచి ప్రభుత్వం 25 మీటర్ల కంటే తక్కువ పొడవు గల పడవలకు ఆ రంగును నిషేధించింది. ఆ తరువాత మళ్లీ పిల్ల ఆల్చిప్పలు కనిపించసాగాయి. 1987లో బ్రిటన్ అదే దారి పట్టింది. పెద్ద ఓడలతో సహా ప్రపంచమంతటికీ వర్తించే అంతర్జాతీయ ఒడంబడిక 2001లో కుదిరి, 2008 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. ప్లిమత్‌లో మొదటి నత్తను చూసిన 38 ఏళ్లకు! ఈ మధ్యకాలంలో ఈ సమ్మేళనాలు మన దేశపు ఓడరేవుల నీటిలో, అడుగు మట్టిలో కూడా ఉన్నాయని గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు గుర్తించారు.

ఈ కథలో నన్ను ఆకర్షించే విషయం ఒకటున్నది. ఆర్కషాన్‌లో నీటిని పరీక్షించి విషాన్ని కనుగొనలేదు. అంత స్వల్పమైన మోతాదును కొలిచే సాధనాలు ఆనాటికి అందరి వద్దా లేవు. ముందుగా చెప్పినది పుట్టని పిల్లలే.

చిప్పల నుండి తల్లుల దాకా

ఆర్కషాన్‌లో నష్టం ఆల్చిప్పలతో, వాటిని పెంచినవారి జీవనంతో ఆగింది. జపానులోని మినమాతాలో అలా ఆగలేదు. అక్కడి చిస్సో కర్మాగారం తన వ్యర్థజలాన్ని అఖాతంలోకి వదిలేది. అందులోని మిథైల్ పాదరసం చేపల్లో, చిప్పజీవుల్లో పేరుకొన్నది. వాటిని తిన్న పిల్లులు గిరగిర తిరుగుతూ పడి చచ్చాయి. 1956 మే 1న కర్మాగారపు ఆసుపత్రి వైద్యుడు హొసొకవ హజిమె, కారణం తెలియని నరాల వ్యాధి ప్రబలుతున్నదని ఆరోగ్య కార్యాలయానికి తెలియజేశారు. 1957లో ఆ అఖాతపు చేపలను, చిప్పజీవులను ఆహార చట్టం కింద నిషేధించవచ్చునా అని స్థానిక ప్రభుత్వం అడిగింది. అఖాతంలోని చేపలు, చిప్పలు అన్నీ విషమయమైనవనే స్పష్టమైన ఆధారం లేదు గనుక చట్టాన్ని వర్తింపజేయలేమని కేంద్ర మంత్రిత్వ శాఖ బదులిచ్చింది. 1959లో కుమమొతొ విశ్వవిద్యాలయ వైద్యులు సేంద్రియ పాదరసమే కారణమని ప్రకటించారు. అయినా వ్యర్థజలం 1968 వరకు పారుతూనే ఉన్నది.

ఆ 12 ఏళ్లలో గర్భిణులు ఆ చేపలు తిన్నారు. తల్లులలో కొందరికి లక్షణాలు స్వల్పం. పుట్టిన బిడ్డలకు మాత్రం మెదడు దెబ్బతిన్నది. అంతవరకు మావి బిడ్డను విషాల నుండి కాపాడే గోడ అని వైద్యలోకం నమ్మేది. మిథైల్ పాదరసం ఆ గోడను దాటిపోయి, తల్లి శరీరం నుండి బిడ్డ శరీరంలోకి చేరుతుందని మినమాతా నిరూపించింది. దీనికి సాక్ష్యం ఒక ఇంటి ఆచారంలో దొరికింది. మన ఇళ్లలో కొందరు బిడ్డ బొడ్డుతాడును ఎండబెట్టి తాయెత్తులో దాచినట్లే, జపానువారు కూడా దానిని పెట్టెలో భద్రపరుస్తారు. సంవత్సరాల తరువాత ఆ ఎండిన బొడ్డుతాళ్లను పరీక్షిస్తే, ఏ సంవత్సరంలో పుట్టిన బిడ్డకు ఎంత పాదరసం చేరిందో తెలిసింది. విషం ఎక్కువగా ఉన్న ఆ సంవత్సరాలలో ఆ పట్టణంలో మగ శిశువుల జననాల నిష్పత్తి తగ్గిందని 2001లో జపాను పరిశోధకులు ప్రచురించారు. మగ పిండాలు గర్భంలోనే ఎక్కువగా మరణించడం దీనికి కారణమని వారి నిర్ధారణ. ఆల్చిప్పలో మొదలైన సంతాన హాని మనిషి గర్భం దాకా వచ్చిన మార్గం ఇది.

మూసీ కథ

ఇప్పుడు బేగంబజార్ పక్కనే పారే నదికి వద్దాం. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ, నగరం గుండా పారి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28 నాటి వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాల ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి అయినవి. నగరానికి వరద భయం తగ్గింది, మంచినీళ్లు దొరికాయి. దానితో పాటు, నగరంలోని నదిలో సొంత నీటి పారుదల కూడా తగ్గింది. నది పాత్ర మిగిలింది, అందులోకి నగరపు మురుగు చేరింది.

అదే కాలంలో పరిశ్రమలు పెరిగాయి. ఆజమాబాద్, సనత్‌నగర్, బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్, పటాన్‌చెరు అనే పేర్లు నగర చరిత్రలో ఒక్కొక్కటిగా చేరాయి. బాలానగర్, జీడిమెట్ల ప్రాంతాల వ్యర్థాలు కూకట్‌పల్లి నాలా ద్వారా హుస్సేన్‌సాగర్‌లోకి, అక్కడి నుండి పొంగిన నీరు మూసీలోకి చేరేవి. కాటేదాన్, పటాన్‌చెరు మట్టిలో సీసం, క్రోమియం వంటి లోహాలు మోతాదును మించి ఉన్నాయని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2000ల దశాబ్దంలో ప్రచురించారు. పటాన్‌చెరు కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలయింది. అక్కడ వైద్యం చేస్తూ రోగులలో మార్పులను గమనించిన డాక్టర్ ఎ. కిషన్ రావు గారు ఆ పోరాటంలో ముందు నిలిచారు. తుదకు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రపు నీటిని సుమారు 18 కిలోమీటర్ల గొట్టపు మార్గం ద్వారా నగరపు మురుగు వ్యవస్థకు కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. నక్కవాగు భారం కొంత తగ్గింది. ఆ నీరు చేరే చోటు మూసీ అయింది.

అంబర్‌పేట దిగువన మూసీ నీటితో పారాగడ్డి, ఆకుకూరలు, వరి పండిస్తారు. ఆ గడ్డి మేసిన గేదెల పాలు నగరానికే వస్తాయి. నదిలో వదిలిన లోహం ఇంటికి తిరిగి రావడానికి ఎన్నో దారులు ఉన్నాయని దీనివలన తెలుస్తుంది.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. నేటి మూసీలో జలచరాలు బతకలేకపోవడానికి మొదటి కారణం లోహాలు కావు. మురుగు వలన ఆక్సిజన్ లేకపోవడం, అమ్మోనియా పెరగడం మొదటి కారణాలు. నది ఆరోగ్యాన్ని మామూలుగా కొలిచేది కూడా కరిగిన ఆక్సిజన్‌తో, సేంద్రియ మలినంతో, మలసంబంధ సూక్ష్మజీవుల సంఖ్యతో. మురుగును శుద్ధి చేస్తే ఈ మూడూ కొన్ని సంవత్సరాలలోనే మెరుగుపడతాయి. నీరు తేటబడుతుంది, వాసన తగ్గుతుంది, చేపలు కూడా తిరిగి రావచ్చు. కానీ లోహం కుళ్లిపోదు, ఆవిరి కాదు. అడుగు బురదలో దశాబ్దాలు దాగి ఉంటుంది. ఆల్చిప్ప నివాసం సరిగ్గా ఆ బురదే. మినమాతాలో పాదరసపు బురదను తొలగించి పూడ్చడానికి 1977 నుండి 1990 వరకు పట్టింది. అక్కడ తీసిన బురద సుమారు 15 లక్షల ఘనపు మీటర్లు. విషపు చేపలు బయటకు పోకుండా అఖాతానికి కట్టిన వలలను తొలగించినది 1997లో.

అందువలన తేటనీటిని చూసి నది కోలుకొన్నదని తీర్పు చెప్పడం, జ్వరం తగ్గగానే రోగం పోయిందని అనడం వంటిది. యూరపు నదులలో వందేళ్లకు పైగా జీవించే ఒక ముత్యపు ఆల్చిప్ప జాతి ఉన్నది. పూడిక, పొలాల ఎరువుల వలన అడుగు చెడిన నదులలో అది ముసలి ఆల్చిప్పలుగానే మిగిలి, దశాబ్దాల తరబడి ఒక్క పిల్ల కూడా లేకుండా కొనసాగింది. కారణం అక్కడ లోహం కాకపోయినా పాఠం ఒక్కటే. లెక్కపెట్టవలసినది ఎన్ని బతికి ఉన్నాయని కాదు, ఎన్ని కొత్తగా పుట్టాయని. మూసీ పునరుజ్జీవనానికి పెట్టుకొనే కొలమానాలలో అడుగు మట్టిలోని లోహాల పరీక్ష, ఆ మట్టిలో పిల్ల ఆల్చిప్పలు, నత్తలు పెరుగుతున్నవా లేదా అనే పరీక్ష తప్పక ఉండాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. మన విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర శాఖలు చేయగల పనే. పూడిక తీసేవారు ఆ బురదను ఎక్కడ పోస్తారన్న ప్రశ్నకు కూడా ముందుగానే జవాబు ఉండాలి.

ఇంటిలో పాటించదగినవి

ఇదంతా చదివి చేపలు, రొయ్యలు మానివేయవద్దు. అవి మంచి మాంసకృత్తులు గల ఆహారం, గర్భిణులకు, పిల్లలకు మేలు చేసేవి. కొన్ని జాగ్రత్తలు చాలు.

నగరంలోని మురుగు చేరిన చెరువులలో, మూసీలో పట్టిన చేపలను, నత్తలను, ఆల్చిప్పలను తినవద్దు. గర్భిణులు, గర్భం కోరుకొనేవారు, చంటిపిల్లల తల్లులు దీనిని ఖచ్చితంగా పాటించాలి. కొనేటపుడు సరుకు ఎక్కడిదని అడగండి. అడిగేవారు ఎక్కువైతే చెప్పేవారూ ఎక్కువవుతారు.

లోహం వంటతో పోదు. ఎంత ఉడికించినా, ఎంత వేయించినా అది అంతే ఉంటుంది. పీత పైచిప్ప కింద ఉండే గోధుమరంగు మెత్తని భాగంలో, రొయ్య తలలో కాడ్మియం ఎక్కువగా పేరుకొంటుంది. వాటిని తీసివేసి వండుకొనడం మేలు. పాదరసం ఇతర చేపలను తిని బతికే పెద్ద సముద్రపు చేపలలో ఎక్కువ, చిన్న చేపలలో తక్కువ. గర్భిణులు చిన్న చేపలనే ఎంచుకోవాలి.

రాగి, ఇత్తడి పాత్రలు కొన్నవారు వాటికి సీసం కలపని శుద్ధమైన తగరంతో కళాయి వేయించుకోండి. కళాయి పోయిన పాత్రలో పులుసు, పెరుగు వంటివి ఉంచకండి. సీసం గర్భిణి నుండి బిడ్డకు చేరుతుంది, గర్భస్రావానికి కారణం కావచ్చు, పిల్లల తెలివితేటలను తగ్గిస్తుంది. పాత బ్యాటరీలను, ట్యూబులైట్లను, పాదరసపు థర్మామీటర్లను చెత్తలో కలిపి మురుగు కాలువలో పడనీయకండి. ఆ కాలువ చివర మూసీ ఉన్నది.

సంతానం లేదని వచ్చే దంపతులను పరీక్షించేటపుడు వైద్యులు వారి వయస్సు, ఆహారం, అలవాట్లతో పాటు వారి వృత్తిని కూడా అడుగుతారు. బ్యాటరీల పని, లోహపు పూతల పని, రంగుల పని చేసేవారైతే ఆ సంగతిని మీరే ముందుగా వైద్యునికి చెప్పండి. సంతానం అనేది శరీరం చేసే అత్యంత సున్నితమైన పని. చుట్టూ ఉన్న నీరు, గాలి, మట్టి చెడినపుడు మొదట తడబడేది అదే. ఆర్కషాన్‌లో ఆల్చిప్పలు ఆ మాట చెప్పిన ఐదేళ్లకు ఒక ప్రభుత్వం విన్నది. మినమాతాలో వినడానికి పన్నెండేళ్లు పట్టింది, ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినవారు అప్పటికింకా పుట్టని పిల్లలు. మూసీ అడుగు మట్టి విషయంలో మనం ఎన్నేళ్లు తీసుకొంటామన్నది మన చేతిలోనే ఉన్నది.